టేబుల్ మీద ఎవరు పడుకోవాలి

గుల్నాజ్ ఒకచోట కుదురుగా కూర్చోవడం వాళ్లింట్లో ఎవరూ పెద్దగా చూడలేదు. అన్నం తింటూ తింటూ మధ్యలో లేచి కిటికీ దగ్గరికి పోతుంది. టీ పెట్టుకుని ఎక్కడో మర్చిపోతుంది. ఆమె తండ్రి గౌస్‌కి ఖమ్మం కమాన్ బజార్‌లో ట్రంకు పెట్టెల దుకాణం ఉండేది. పొద్దంతా రేకు మీద సుత్తి దెబ్బల మధ్య పెరిగింది కాబట్టి ఈ పిల్లకు నిమ్మళం అంటే తెలియదని ఆయన నవ్వేవాడు.

ఇంటర్ అయ్యాక ఆమె ఎక్స్‌రే తీసే డిప్లొమా చదివింది. భద్రాచలంలో ఒక ప్రైవేటు దవాఖానాలో చాలా ఏళ్లు పనిచేసింది. చర్ల వైపు నుంచి, దుమ్ముగూడెం వైపు నుంచి, రాష్ట్రం హద్దు దాటి అవతలి అడవి నుంచి కూడా జనం వచ్చేవాళ్లు. ఖమ్మంలో బండ్ల స్పేర్ పార్ట్స్ దుకాణం నడిపే ఆసిఫ్‌తో పెళ్లయ్యాక ఆ ఉద్యోగం వదిలి, ఊళ్లోనే ఒక పారామెడికల్ కాలేజీలో టీచర్‌గా చేరింది. మెడికల్ ఇమేజింగ్ చదివే పిల్లలకు ప్రాక్టికల్స్ ఆమే చెప్పాలి.

కాలేజీలో ఉన్న ఎక్స్‌రే మెషీన్ పాతది. ఫొటో తియ్యదు. లైటు మాత్రం వెలుగుతుంది. ఒకళ్లు పేషెంటులా టేబుల్ మీద పడుకుంటే, మిగతావాళ్లు చేత్తో తడిమి ఎముక గుర్తులు పట్టుకుని, లైటు సరిగ్గా ఎక్కడ పడాలో చూపించాలి. దాన్నే పొజిషనింగ్ అంటారు. నడుము ఎక్స్‌రే తియ్యాలంటే ముందు తుంటి ఎముక పైఅంచు దొరకాలి. అది చేతికి తెలియకపోతే ఎన్ని పుస్తకాలు చదివినా లాభం లేదని గుల్నాజ్ మొదటి రోజే చెప్పేది.

ఒక ఏడాది బ్యాచ్‌లో కళావతి అని ఒక అమ్మాయి ఉంది. దుమ్ముగూడెం దాటాక రోడ్డు వదిలి లోపలికి పోతే వచ్చే చిన్న కోయగూడెం ఆమెది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. బొమ్మలు బాగా గీస్తుంది. చేతి ఎముకలన్నీ చూడకుండా గీసేది. ప్రశ్న అడిగితే మాత్రం నోరు పెగలదు. ఇంగ్లీషులో ఉన్న ఆ పేర్లు నాలుక దాకా వచ్చి ఆగిపోతాయి. క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తే శివ అనే అబ్బాయి జవాబు చెప్పేసేవాడు. కళావతి తల దించుకునేది.

అది చూసి గుల్నాజ్‌కి ప్రాణం ఒప్పేది కాదు. ఈ పిల్లను ఎట్లాగైనా క్లాసులో కలపాలనుకుంది. ఆమెకు ఒక ఉపాయం తోచింది.

"కళావతీ, నువ్వు వచ్చి పండుకో అమ్మా" అంది ఒకరోజు.

కళావతి వచ్చి పడుకుంది. సన్నటి మనిషి కాబట్టి అందరి చేతికీ ఎముకలు ఇట్టే దొరికాయి. క్లాసు హుషారుగా సాగింది. మాట్లాడాల్సిన పని లేకుండా ఆ అమ్మాయికి ఒక పాత్ర దొరికిందని గుల్నాజ్ సంతోషపడింది. తర్వాతి వారం కూడా ఆమెనే పిలిచింది. ఆ తర్వాత పిలవాల్సిన అవసరమే రాలేదు. ప్రాక్టికల్ రూమ్ తలుపు తియ్యగానే ఎవరో ఒకరు "కళావతీ, ఎక్కు" అనేవాళ్లు. ఆమె చెప్పులు విప్పి ఎక్కేది.

మార్చిలో కళావతి రావడం మానేసింది.

మొదట జ్వరమేమో అనుకున్నారు. హాస్టల్లో ఆమెతో ఒకే గదిలో ఉండే షబ్నమ్‌ని అడిగితే, "ఊరికి పోయింది మేడం, ఎందుకో చెప్పలే" అంది. ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు. ప్రిన్సిపాల్ చెంచురామయ్య గారు వేంసూరు మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి. హాజరు పట్టీ చూసి, "ఈ అమ్మాయి ఇట్లాగే ఉంటే పరీక్షకు కూర్చోబెట్టడం కుదరదండి" అన్నారు. "అటువైపు పిల్లలతో ప్రతి ఏడూ ఇదే గొడవ. చేరతారు, ఆగిపోతారు. మనం మాత్రం ఏం చేస్తాం?"

ఆ మాట గుల్నాజ్‌కి ముల్లులా గుచ్చుకుంది. నిరుడు ఆగిపోయిన పిల్లలు గుర్తొచ్చారు. వాళ్లెందుకు ఆగిపోయారో ఎవరూ పోయి అడగలేదు. తర్వాతి రెండు రోజులూ ఆమె వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉంది. ఆదివారం పొద్దున్నే లేచి భద్రాచలం బస్సెక్కింది.

"ఒక్క పిల్ల కోసం అంత దూరమా?" అన్నాడు ఆసిఫ్ గేటు దగ్గర.

"ఇంట్ల ఉంటే మాత్రం నేను కూసుంటనా?" అంది గుల్నాజ్.

భద్రాచలంలో దిగి, షేర్ ఆటోలో దుమ్ముగూడెం దాటి, అడిగి అడిగి గూడెం చేరేసరికి ఎండ ముదిరింది. కళావతి ఇంటి ముందు ఊడ్చిన నేల మీద ఇప్పపువ్వు ఆరబోసి ఉంది. కళావతి చేటతో దాన్ని తిరగేస్తోంది. టీచర్‌ని చూసి బిత్తరపోయి నిలబడింది. ఆమె తల్లి జంపక్క మంచం వాల్చి, నీళ్లు తెచ్చిచ్చింది.

గుల్నాజ్ నీళ్లు తాగింది గానీ మంచం మీద కూర్చోలేదు. ఆరబోసిన పువ్వు చుట్టూ అటూ ఇటూ నడుస్తూనే అడిగింది.

"ఎందుకు వస్తలేవు కళావతీ?"

"ఇప్పపువ్వు ఏరాలి మేడం."

"అదొక్కటేనా?"

కళావతి చేట కింద పెట్టి, మళ్లీ తీసింది.

జంపక్కకు తెలుగు అంతంత మాత్రం. మాట వెతుక్కుంటూ చెప్పింది. "ఆ చదువేందో నాకు తెల్వదు మేడం. ఇంటికొస్తె అడుగుత, ఇయ్యాల ఏం నేర్సుకున్నవే అని. పండుకున్న అంటది. మల్ల అడుగుత. పండుకున్న అంటది. పండుకోనీకి అంత దూరం పోవాల్నా?"

గుల్నాజ్ నడక ఆగింది.

"అమ్మ చెప్పేది నిజమే మేడం" అంది కళావతి నేల చూస్తూనే. "అందరు నా మీద నేర్సుకుంటుండ్రు. నేను ఎవరి మీద నేర్సుకోవాలె?"

తనే మళ్లీ అంది. "ఒకనాడు ఒక పిల్లగాడు నా పక్కటెముకల మీద వేలు పెట్టి లెక్కపెట్టిండు. వెనక ఎవరో నవ్విండ్రు. మీరు బోర్డు దిక్కు తిరిగి రాస్తున్నరు."

ఏం చెప్పినా సాకులాగే ఉంటుందని గుల్నాజ్‌కి అనిపించింది. "రేపు రా అని అననమ్మా. కానీ నీ జాగ తీసెయ్యనియ్యను" అని మాత్రం చెప్పి బయల్దేరింది. జంపక్క ఒక గుడ్డలో ఎండిన ఇప్పపువ్వు కట్టి చేతిలో పెట్టింది. తిరుగు బస్సులో సీటు దొరికినా గుల్నాజ్ సగం దారి నిలబడే వచ్చింది. కూర్చుంటే ఆ నవ్వు వినిపిస్తోంది. నవ్వింది ఎవరో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. తను ఆ పిల్లను పిలిచేటప్పుడు ఒక్కసారైనా "పండుకుంటవా?" అని అడిగిందా? ఎంత గుర్తు చేసుకున్నా, అడిగినట్టు ఒక్క రోజు కూడా జ్ఞాపకం రాలేదు.

మర్నాడు ప్రాక్టికల్ రూమ్‌లో శివ అలవాటుగా చుట్టూ చూశాడు. "కళావతి లేదు కద మేడం. ఎవర్ని పండబెట్టాలె?"

గుల్నాజ్ చెప్పులు విప్పి, దుపట్టా సర్దుకుని, టేబుల్ ఎక్కి వెల్లకిలా పడుకుంది.

మగపిల్లలు గోడ దగ్గరికి జరిగారు. "షబ్నమ్, నువ్వు రా. నడుము ఎక్స్‌రే అనుకో. మొదలుపెట్టు" అంది గుల్నాజ్.

పైన లైటు వెలిగింది. నడుము మీదికి జరిపేదాకా అది సూటిగా కళ్లలో పడుతుందని గుల్నాజ్‌కి అప్పటిదాకా తెలియదు. ఎంతమందిని దాని కింద పడుకోబెట్టిందో తనకే లెక్క లేదు. టేబుల్ చల్లగా వీపుకు తగిలింది. ఒక చెయ్యి, ఏ మాటా లేకుండా, తుంటి దగ్గర ఆనింది. షబ్నమ్ మంచి పిల్ల, ఇష్టమైన విద్యార్థి. అయినా గుల్నాజ్ ఒళ్లు ముడుచుకుంది. లేచి పోవాలనిపించింది. పైనుంచి అన్ని ముఖాలు తనను చూస్తున్నాయి, ఒక్కరూ తనతో మాట్లాడటం లేదు.

"ఆగు" అంది. "చెయ్యి తియ్యి. ముందు నీ పేరు చెప్పు. ఏం చేస్తవో చెప్పు. ఎక్కడ చెయ్యి పెడతవో చెప్పి, పెట్టొచ్చా అని అడుగు. నేను సరే అన్నంక పెట్టు."

షబ్నమ్ తడబడుతూ అడిగింది. గుల్నాజ్ సరే అంది. ఆ రెండోసారి చెయ్యి మొదటిదానిలా లేదు.

కానీ షబ్నమ్‌కి ఎముక దొరకలేదు. ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు వచ్చి చూశారు, వాళ్లకూ దొరకలేదు. గుల్నాజ్ కొంచెం ఒళ్లున్న మనిషి. ఇన్నాళ్లూ కళావతి మీద ఇట్టే పట్టుకున్న చేతులన్నీ తడుముకున్నాయి. తర్వాత ఆమె దిగి, అటెండర్ సీతయ్యను అడిగితే, "నాకేమైతది మేడం, పండుకుంట" అని ఎక్కాడు. నడివయసు మనిషి, బాన పొట్ట. శివ ముందు చెప్పి, అడిగి, చెయ్యి పెట్టాడు. చాలాసేపు వెతికి, చెమటలు పట్టి, "అర్థమైతలేదు మేడం" అని ఒప్పుకున్నాడు. ఆ క్లాసులో శివ అట్లా అనడం అదే మొదలు.

గుల్నాజ్ గది అంతా నడిచింది. ఒక సన్నటి పిల్లను పడుకోబెట్టి తను నెలల తరబడి చెప్పిందంతా ఆ ఒక్క ఒంటికే పనికొస్తుంది. రేపు దవాఖానాకు వచ్చేవాళ్లలో లావుపాటి వాళ్లుంటారు, గూని ఉన్నవాళ్లుంటారు, కాలు చాపలేని ముసలివాళ్లుంటారు. ఆ సంగతి భద్రాచలంలో రోజూ కళ్లారా చూసింది. క్లాసులోకి వచ్చేసరికి ఎట్లా మర్చిపోయింది?

ఆ వారం నుంచి పద్ధతి మారింది. టేబుల్ ఎక్కడం ఎవరిష్టం వాళ్లది. వద్దంటే కారణం అడగకూడదు. ఆడపిల్లల మీద ఆడపిల్లలే నేర్చుకోవాలి. గదికి అడ్డంగా ఒక తెర కట్టించింది. క్యాంటీన్ నడిపే నాగలక్ష్మి మోకాళ్ల నొప్పుల మనిషి. ఆమె ఒప్పుకుని వస్తే, వంగని కాలును వంచకుండా ఎట్లా పొజిషన్ చెయ్యాలో నేర్పింది. జవాబులు కూడా ముందు తెలుగులోనో, బొమ్మ గీసో, చేత్తో చూపించో చెప్పొచ్చంది. ఇంగ్లీషు పేరు దాని వెంట అతికించుకోవాలి, అంతే.

కాలేజీలో గొణుగుడు మొదలైంది. సిలబస్ వెనకబడిందని చెంచురామయ్య గారు పిలిపించారు. "టీచర్ టేబుల్ మీద పడుకోవడం ఏమిటండి? ఎవరైనా తండ్రి వచ్చి అడిగితే నేనేం చెప్పాలి?"

"పిల్ల పండుకున్నప్పుడు ఎవరూ అడగలేదు కద సార్" అంది గుల్నాజ్. కళావతికి హాజరు సడలించమని కూడా అప్పుడే అడిగింది. ఆయన కుదరదన్నారు. ఆమె బయటికి పోయి, మళ్లీ వచ్చి అడిగింది. సాయంత్రం ఇంకోసారి వచ్చింది. చివరికి ఆయనే విసుగెత్తి, ఆదివారాలు క్లాసు పెట్టి తక్కువైన గంటలు నింపితే చూస్తానన్నారు.

ఇంటికి కూడా కబురు అందింది. ఆసిఫ్ దుకాణంలో ఎవరో అన్నారట. అతను కేకలు వెయ్యలేదు. రోటీ తుంచుతూ, "మగపిల్లలున్న గదిలో నువ్వే పండుకోవాల్నా?" అన్నాడు.

"చెయ్యి పెట్టింది ఆడపిల్లలే."

"అయినా."

"అవ్, అయినా. నాకు గూడ అట్లనే అనిపించింది. అందుకే తెలిసింది."

చాలా రోజులు వాళ్లిద్దరి మధ్య ఆ మాట అట్లాగే ఉండిపోయింది.

కళావతి ఏప్రిల్ మొదట్లో వచ్చింది. షబ్నమ్ ఎట్లాగో కబురు చేసిందట, మేడమే టేబుల్ ఎక్కిందని. కళావతి వెనక బెంచీలో కూర్చుంది. ప్రాక్టికల్ రూమ్‌లో సీతయ్య పడుకుని ఉంటే ముందుకొచ్చి, మెల్లగా, వినీ వినపడనట్టు అడిగింది. "చెయ్యి పెట్టొచ్చా?" ఆమె మొదటి ప్రయత్నం తప్పింది. రెండోదీ తప్పింది. గుల్నాజ్ పక్కనే నిలబడలేక తెర అవతలకు పోయింది. కాసేపటికి సీతయ్య గొంతు వినపడింది. "ఆఁ, దొరికినట్టుంది బిడ్డా. నొక్కకు, చక్కిలిగిలి."

అందరూ నవ్వారు. కళావతి కూడా నవ్వింది.

ప్రాక్టికల్ పరీక్షకు వరంగల్ నుంచి ఎగ్జామినర్ వచ్చారు. పరీక్ష జరిగేటప్పుడు చదువు చెప్పిన టీచర్ లోపల ఉండకూడదు. గుల్నాజ్ వరండాలో తిరుగుతూ, తలుపుకున్న చిన్న అద్దంలోంచి మధ్యమధ్య చూస్తోంది. చూపే గానీ మాట వినపడదు. లోపల శివ టేబుల్ పక్కన నిలబడి ఉన్నాడు. ఎగ్జామినర్ తమ వంతు కోసం కూర్చున్న పిల్లల వైపు తిరిగి, వేలు చూపించి, రమ్మన్నట్టు చెయ్యి ఊపారు. ఆ వేలు కళావతి వైపు ఉంది.

కళావతి లేచి నిలబడింది. కదల్లేదు. ఏదో చెప్పింది. ఆయన మళ్లీ ఏదో అన్నారు. ఆమె మళ్లీ చెప్పింది. ఎగ్జామినర్ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. గుల్నాజ్ చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది. తను లోపలికి పోతే పరీక్షే ఆగిపోతుంది. పోకపోతే ఆ పిల్ల ఒక్కతే అక్కడ నిలబడాలి. పిడి వదిలేసింది, మళ్లీ పట్టుకుంది. ఇంతలో తలుపు తెరుచుకుని శివ బయటికి వచ్చాడు. ఆమెను చూడను కూడా చూడకుండా వరండాలో పరుగెత్తి, సీతయ్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఎగ్జామినర్ తల ఊపారు. పరీక్ష మొదలైంది.

లోపల ఏం జరిగిందో తర్వాత షబ్నమ్ చెప్పింది. "నువ్వు పడుకో అమ్మా, సన్నగా ఉన్నావు, త్వరగా అయిపోతుంది" అన్నారట ఆయన. "ఒద్దు సార్" అందట కళావతి. ఎందుకమ్మా, ఐదు నిమిషాల పనే కదా అని ఆయన అడిగితే, "నేను పరీక్షకొచ్చిన సార్. పేషెంట్‌గ రాలే" అందట.

ఫలితాల్లో కళావతికి ప్రాక్టికల్స్‌లో పాసు మార్కుల కంటే కాస్త ఎక్కువ వచ్చాయి. ఆమె చేసిన దానికి ఇంకా రావాలని గుల్నాజ్ అనుకుంది. ఆ రోజు మాటకే మార్కులు తగ్గాయో, నిజంగానే తప్పులు పోయాయో ఎవరికీ తెలియదు. ఫిజిక్స్ తప్పింది. సప్లిమెంటరీ రాసి గట్టెక్కింది. చివరి ఏడు కూడా అయ్యాక భద్రాచలంలో ఒక చిన్న దవాఖానాలో ఉద్యోగం దొరికింది. కోయ మాట వచ్చిన టెక్నీషియన్ అక్కడ ఆమె ఒక్కతే.

చేరిన కొద్ది రోజులకు మధ్యాహ్నం పూట ఫోన్ చేసింది. గొంతు బాగాలేదు.

"మేడం, ఇయ్యాల ఒక ముసలమ్మ వచ్చింది. దగ్గు. ఛాతీ ఎక్స్‌రే తియ్యమని డాక్టర్ రాసిండు. మెడ నిండా పూసలు, నాణేల దండ. తియ్యమని అడిగిన. తియ్యనంది. పెనిమిటి ఉన్నప్పుడు ఏసిండంట."

"మరి?"

"మీరు చెప్పినట్టే చేసిన. ఒద్దంటే బలవంతం చెయ్యొద్దు అన్నరు కద. పంపించేసిన. ఇప్పుడు డాక్టర్ నన్ను తిడుతుండు. ఆమెకు టీబీ ఉంటే ఎట్ల అంటుండు."

గుల్నాజ్‌కి కాళ్లు నిలవలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే మెట్లు దిగి, గ్రౌండ్‌లోకి వచ్చేసింది. అటువంటి దండలతో వచ్చినవాళ్లను భద్రాచలంలో ఆమె ఎందరినో చూసింది. దండలన్నీ పైకి లాగి, గడ్డం మీదుగా నోట్లో పట్టుకోమంటే సరిపోయేది. ఊపిరితిత్తుల మీద నీడ పడదు. అది చేతికి అలవాటైన పని. లోహం ఏదున్నా తీసెయ్యాలని పుస్తకంలో ఉంటే, అదే చెప్పింది తప్ప ఈ సంగతి క్లాసులో ఒక్కనాడు చెప్పలేదు. వద్దనే హక్కుందని నేర్పింది. వద్దన్నాక టెక్నీషియన్ ఇంకేం అడగాలో నేర్పలేదు.

అదంతా ఫోన్లో చెప్పింది. "ఆమె ఊరు తెలుసా?"

"తెలుసు మేడం. మా మేనత్త వాళ్ల దిక్కే."

సెలవు రోజు చూసుకుని కళావతి ఆ ఊరికి పోయింది. మొదటిసారి ముసలమ్మ రానంది. దండల మీద ఎవరూ చెయ్యి వెయ్యరని కళావతి చెప్పి చెప్పి వచ్చింది. సంతరోజు ఆమె తనంతట తనే దవాఖానాకు వచ్చి, దండలన్నీ నోట్లో కరిచి పట్టుకుని మెషీన్ ముందు నిలబడిందట. టీబీయే. మందులు మొదలుపెట్టారు.

ఆ కబురు తెలిసిన మర్నాడు గుల్నాజ్ కొత్త బ్యాచ్ క్లాసుకు పోయింది. ఆ రోజు చెప్పాల్సింది వేరే పాఠం. పుస్తకం తెరవకుండానే అడిగింది. "మీ ఇండ్లల్ల పెద్దోళ్లు ఒంటి మీది నుంచి తియ్యమంటె తియ్యనిది ఏంది?"

ఒకమ్మాయి పుస్తెలతాడంది. ఒకబ్బాయి తాయెత్తు అన్నాడు. ఇంకొకరు మొలతాడు అన్నారు. ఒక్కోదానికి ఏం చెయ్యొచ్చో గుల్నాజ్ నడుస్తూ చెబుతోంది. కొన్ని ఆమెకు తెలుసు, కొన్ని అప్పటికప్పుడు ఆలోచిస్తోంది. బెల్లు కొట్టారు. ఎవరూ లేవలేదు. చెంచురామయ్య గారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

కారేపల్లి దగ్గరి తండా నుంచి వచ్చిన ద్వాలి వెనక నుంచి చెయ్యెత్తింది. "మా నాయనమ్మకు భుజం దాక గాజులున్నయ్ మేడం. పెండ్లప్పుడు ఏసినయ్. ఇప్పుడు రమ్మన్నా రావు. చెయ్యి ఇరిగితే ఎక్స్‌రే ఎట్ల తియ్యాలె?"

గుల్నాజ్ ఆగింది. గాజులు దేనితో చేస్తారో అడిగింది. ద్వాలికి సరిగ్గా తెలియదు. ఎక్స్‌రే ఏ వైపు నుంచి తీస్తే ఎముక కనపడుతుందో గుల్నాజ్ గాలిలో చెయ్యి పెట్టి చూసుకుంది. కుదరలేదు. మళ్లీ చూసింది.

"నాకు తెల్వదు ద్వాలీ" అంది. "ఆదివారం మీ తండాకు వస్త. మీ నాయనమ్మను అడుగు, రావచ్చా అని."